నొప్పి చెప్పుకోలేని పెద్దల ఆరోగ్యం

మీ ఊరిని ఒకసారి తలచుకోండి. రామమందిరం అరుగు మీదనో, టీ కొట్టు పక్కనో రోజూ కనిపించే ఒక మనిషి మీకు గుర్తుకు వస్తాడు. వయస్సు ముప్ఫై ఉండవచ్చు, యాభై ఉండవచ్చు. ఊరందరికీ అతని పేరు తెలుసు. బిందె మోయమంటే మోస్తాడు, ఆవును తోలుకురమ్మంటే తోలుకొస్తాడు. మాట స్పష్టంగా రాదు, డబ్బు లెక్క తెలియదు. పిలిచి పెట్టేవారికి లోటు లేదు, ఆటపట్టించేవారికీ లోటు లేదు. అదే స్త్రీ అయితే ఇంటి లోపలే ఉంటుంది, ఊరికి కూడా కనిపించదు.

ఆ మనిషికి చివరిసారిగా రక్తపోటు ఎప్పుడు చూశారు? బరువు ఎప్పుడు తూచారు? రక్తపరీక్ష ఒక్కటైనా ఎప్పుడైనా చేయించారా? నందిగాం పరిసరాల్లోనూ, అటు టెక్కలి, ఇటు పలాస, ఉద్దానం తీరం గ్రామాల్లోనూ ఏళ్ళ తరబడి ప్రభుత్వ వైద్యుడిగా తిరిగినవాణ్ణి. ఈ ప్రశ్న అడిగినప్పుడు తడుముకోకుండా జవాబు చెప్పిన ఇళ్ళు నాకు చాలా అరుదుగా కనిపించాయి. ప్రేమ లేక కాదు. అతనికి ఉన్నది ఒకే ఒక్క సమస్య అనీ, అది బుద్ధికి సంబంధించినదనీ, దానికి మందు లేదనీ అందరూ ఏనాడో తీర్మానించుకోవడం వలన.

ఆ తీర్మానం వలన ప్రాణాలు పోతున్నాయి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది అదే.

పేరు, అర్థం

వైద్యశాస్త్రం దీనిని ఇప్పుడు మేధోవైకల్యం అంటున్నది. 1995 నాటి వికలాంగుల చట్టంలో వాడిన పాత పదాన్ని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వదిలివేసింది. బిడ్డ ఎదిగే వయస్సులోనే, నేర్చుకోవడంలోనూ, ఆలోచించడంలోనూ, రోజువారీ పనులు స్వయంగా చక్కబెట్టుకోవడంలోనూ గణనీయమైన వెనుకబాటు కనిపిస్తే దానికి ఈ పేరు. ఇది పిచ్చి కాదు. మానసిక వ్యాధి వేరు, ఇది వేరు. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో సుమారు 15 లక్షల మందిని ఈ కోవలో నమోదు చేశారు.

కారణాలు అనేకం. పుట్టుకలో ప్రాణవాయువు అందకపోవడం, డౌన్ సిండ్రోమ్ వంటి జన్యుపరమైన తేడాలు, పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం, పసితనంలో మెదడువాపు. వీటిలో చాలావాటికి దేహంతో కూడా సంబంధం ఉన్నది. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో పుట్టుకతో వచ్చిన లోపం ఉంటుంది. పెద్దయ్యాక థైరాయిడ్ మందగించడం, వినికిడి తగ్గడం, కంట్లో శుక్లాలు రావడం వారిలో ఇతరులకంటే ఎక్కువ. మేధోవైకల్యం ఉన్నవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి మూర్ఛలు ఉంటాయి. అంటే దేహపరీక్ష అందరికంటే ఎక్కువగా అవసరమైనది వీరికే. అందరికంటే తక్కువగా అందుతున్నదీ వీరికే.

లెక్కపెట్టినప్పుడు తేలినది

ఇంగ్లండులో 2010 నుంచి 2012 వరకు నైరుతి ప్రాంతంలో మరణించిన 247 మంది మేధోవైకల్యం గలవారి మరణాలను ఒక్కొక్కటిగా విచారించారు. 2013లో నివేదిక వచ్చింది. సాధారణ జనంతో పోలిస్తే పురుషులు 13 ఏళ్ళు, స్త్రీలు 20 ఏళ్ళు ముందుగా మరణిస్తున్నారని తేలింది. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. మంచి వైద్యం సకాలంలో అందితే తప్పించగలిగిన మరణాలు సాధారణ జనంలో 13 శాతం కాగా, వీరిలో 37 శాతం. వైద్యం ఉచితంగా అందే దేశంలో, ఆసుపత్రి అందుబాటులో ఉన్న మనుషుల లెక్క ఇది.

మేధోవైకల్యం తనంత తాను ప్రాణం తీయదు. ఊపిరితిత్తుల్లోకి అన్నం మెతుకులు పోయి వచ్చే న్యుమోనియా తీస్తుంది. అదుపు తప్పిన మూర్ఛ తీస్తుంది. పట్టించుకోని మలబద్ధకం పేగుకు అడ్డుపడి కూడా ప్రాణం తీస్తుంది. ఇవన్నీ ముందుగా కనిపెట్టదగినవే, చికిత్స చేయదగినవే.

“ఆడి తీరే అంత”

మన ప్రాంతంలో ఇటువంటి రోగిని తీసుకువచ్చిన తల్లిని ఏమైందమ్మా అని అడిగితే, తరచుగా వినవచ్చే మాట ఒకటి ఉన్నది. “ఏటి సెప్పమంటారు బాబూ, ఆడి తీరే అంత. ఈ మద్దిన మరీ ఎక్కువైపోనాది.” తల్లి అన్నమాట వైద్యుడి చెవిన పడుతుంది. వైద్యుడు తల ఊపుతాడు. నిద్రమాత్ర రాస్తాడు. అక్కడితో ఆ రోగి కథ ముగుస్తుంది.

కొత్తగా వచ్చిన లక్షణాన్ని పాత వైకల్యం ఖాతాలో వేసి మూసివేయడం ప్రపంచమంతటా ఉన్న జాడ్యమే. పెద్ద చెట్టు నీడలో చిన్న మొక్క కనిపించనట్లు, వైకల్యం నీడలో రోగం కనిపించకుండా పోతుంది. నేను చూసిన కొన్ని సంగతులు చెబుతాను. గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను.

ముప్ఫై అయిదేళ్ళ మనిషి. పదిహేను రోజులుగా తన చెంప తానే కొట్టుకుంటున్నాడు, అన్నం పళ్ళెం విసిరేస్తున్నాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. తగ్గకపోతే ఎవరో మత్తుమాత్రలు ఇచ్చారు. ఎప్పుడూ ఒకే చెంపను కొట్టుకుంటున్నాడని అతని చెల్లెలు చెప్పింది. నోరు తెరిపించి టార్చిలైటు వేసి చూస్తే కింది దవడలో పన్ను పుచ్చి చిగురు కింద చీము పట్టి ఉన్నది. పన్ను తీసిన మూడో రోజున అతను మామూలుగా అన్నం తిన్నాడు. ఆ పిచ్చి, ఆ గాలి, ఆ దుందుడుకుతనం అన్నీ ఒక పంటిలోనివి.

డౌన్ సిండ్రోమ్ ఉన్న ఇరవై ఎనిమిదేళ్ళ యువతి. కాశీబుగ్గ వైపు ఇంటి దగ్గర జీడిపప్పు ఏరే పనిలో తల్లికి సాయం చేసేది. గుండు, బద్ద, ముక్క వేరు చేయడంలో ఆమె చెయ్యి చాలా చురుకు. ఏడాది కాలంగా పని మానివేసింది, ఎప్పుడు చూసినా నిద్ర, ఒళ్ళు బరువెక్కింది. “బద్దకం బాబూ, తిని తొంగుంటాది” అన్నది తల్లి. రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్ బాగా మందగించి ఉన్నది. రోజుకొక మాత్ర. మూడు నెలలకు ఆమె మళ్ళీ పప్పు ముందు కూర్చున్నది.

మూర్ఛలకు చిన్నప్పటి నుంచి మాత్రలు వాడుతున్న మరొకరు. సాయంత్రమైతే కేకలు వేస్తాడు, పొట్టమీద గుద్దుకుంటాడు. చేత్తో నొక్కి చూస్తే పొట్ట గట్టిగా తగిలింది. విరేచనం అయి ఎన్నాళ్ళయిందో ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు. దొడ్డికి తానే వెళ్ళివస్తాడు కాబట్టి ఎవరూ చూడరు. నీళ్ళు, పీచు పదార్థం, కొద్దిరోజుల మందు. కేకలు ఆగిపోయాయి.

ఈ ముగ్గురిలో ఎవరికీ పెద్ద యంత్రం అవసరం కాలేదు. ఒక టార్చిలైటు, ఒక రక్తపరీక్ష, పొట్ట మీద పెట్టిన ఒక చెయ్యి చాలింది. దేహంలో ఏదో ఉండి ఉంటుందన్న అనుమానం ముందుగా కలగాలి, అంతే.

ఉద్దానంలో ఈ విషయం మరింత ఎందుకు ముఖ్యం

మన ప్రాంతపు సంగతి వేరు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య మూత్రపిండాల వ్యాధి ఎన్ని ఇళ్ళను కూల్చిందో మీకు చెప్పనక్కరలేదు. దానికి మూలకారణం ఇదీ అని శాస్త్రం ఇంకా తేల్చలేదు. నీరు, నేల, ఎండలో శ్రమ, నొప్పిమాత్రల వాడకం, ఇలా అనేకం పరిశీలనలో ఉన్నాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి మంచినీటి పథకం, పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి.

ఈ వ్యాధికి ఉన్న ప్రధాన గుణం మౌనం. కాళ్ళు వాచవు, మూత్రం రంగు మారదు, చాలామందిలో రక్తపోటు కూడా మొదట్లో పెరగదు. మూత్రపిండాలు సగానికి పైగా దెబ్బతిన్నా మనిషి తోటపని చేసుకుంటూనే ఉంటాడు. ఆకలి మందగించడం, ఒళ్ళంతా దురద, నీరసం, వాంతి భావన వచ్చేసరికి చాలా దూరం పోయి ఉంటుంది. అందుకే ఇక్కడ రక్తంలో క్రియాటినిన్ చూడడమే మార్గం.

మాట వచ్చిన మనిషి ఆ చివరి దశలోనైనా “బాబూ, నోటికేదీ సయించటం లేదు” అని చెప్పుకుంటాడు. మేధోవైకల్యం ఉన్న మనిషి అదీ చెప్పలేడు. అన్నం వదిలేస్తే మారాం అంటారు, గోక్కుంటే అలవాటు అంటారు, పడుకుంటే బద్ధకం అంటారు. రోగమూ మూగదే, రోగీ మూగవాడే. వీరిద్దరి మధ్య మాట్లాడగలిగినది ఒక్క రక్తపరీక్షే. అదే వీరికి జరగడం లేదు.

సముద్రం వైపు ఒక గ్రామంలో ఒక కుటుంబం నాకు తెలుసు. తండ్రి డయాలసిస్ మీద ఉన్నాడు. ఊరిలో శిబిరం పెట్టినప్పుడు ఇంట్లో అందరూ రక్తం ఇచ్చారు, నలభై ఏళ్ళ పెద్దకొడుకు తప్ప. సూది చూస్తే బెదిరిపోతాడని తల్లి అతన్ని ఇంటి దగ్గరే ఉంచింది. శిబిరంలో వారు కూడా పోనీలెమ్మన్నారు. రెండేళ్ళ తరువాత ఆగని వాంతులతో అతన్ని ఆసుపత్రికి తెచ్చారు. అప్పటికి మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానివేశాయి. డయాలసిస్ మొదలుపెట్టారు. నాలుగు గంటలు కదలకుండా పడుకోవడం ఎందుకో అతనికి ఎవరు వివరించగలరు? తల్లి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని ఉన్నంతసేపే గొట్టాలు లాగకుండా ఉండేవాడు. ఆమె మూడు పూటలా జీడి పిక్కలు కొట్టే పనికి పోవలసిన మనిషి. ఎనిమిది నెలలు నడిచింది. తండ్రి కంటే కొడుకు ముందు పోయాడు.

పక్క మంచం మీద తండ్రి ఉన్నా, అదే నీరు తాగి అదే ఎండలో తిరిగిన కొడుకుకు కూడా అదే వ్యాధి రావచ్చునన్న ఆలోచన ఎవరికీ తట్టలేదు. అతని జబ్బు ఏమిటో అందరికీ ముందే తెలుసు కదా మరి.

ఇక్కడ మూడు జాగ్రత్తలు విడిగా చెప్పాలి.

మొదటిది, నీరు. దాహం వేస్తే మనం లేచి తాగుతాం. వీరిలో చాలామంది ఎవరైనా ఇస్తేనే తాగుతారు. ఇంట్లో అందరూ తోటకో, పప్పు పనికో పోతే వేసవి పగలంతా ఒక గ్లాసు నీటితో గడిచిపోతుంది. పక్క తడుపుతాడన్న భయంతో కావాలని తక్కువ నీళ్ళు ఇచ్చే ఇళ్ళూ ఉన్నాయి. దయచేసి అలా చేయకండి. పొద్దున్నే ఒక సీసా నింపి అతని చేతికి అందే చోట పెట్టండి. సాయంత్రానికి ఎంత ఖాళీ అయిందో చూడండి.

రెండవది, నొప్పిమాత్రలు. గోల చేస్తున్నాడని, ఏ నొప్పో తెలియకుండా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు అంగడిలో కొని వేయడం మూత్రపిండాలకు హాని. మన ప్రాంతంలో అది రెట్టింపు హాని.

మూడవది, కండ తక్కువగా ఉన్నవారిలో, మంచాన పడినవారిలో క్రియాటినిన్ అంకె ఉన్నదానికంటే మెరుగ్గా కనిపించవచ్చు. అంకె కొంచెం ఎక్కువగా ఉన్నా, “పరవాలేదు” అని వదిలేయకుండా మళ్ళీ చేయించాలి. వైద్య మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకోవలసినదిగా మనవి.

పద్దెనిమిదేళ్ళ గట్టు

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వెళ్ళి పుట్టుక లోపాలను, ఎదుగుదల ఆలస్యాలను గుర్తిస్తాయి. అది పద్దెనిమిదేళ్ళ వరకే. 2016 చట్టం కూడా ఏడాదికొకసారి పరీక్షించాలని చెప్పినది పిల్లల విషయంలోనే. పద్దెనిమిది దాటిన మరునాటి నుంచి ఆ మనిషి కోసం వెతుక్కుంటూ వచ్చే వైద్యుడు ఉండడు.

ఆ తరువాత అతనికి, ప్రభుత్వానికి మధ్య మిగిలే బంధం సదరం ధ్రువపత్రం, నెలనెలా వచ్చే పింఛను. 2024లో ఆ పింఛను మన రాష్ట్రంలో 3,000 నుంచి 6,000 రూపాయలకు పెరిగింది. మంచిదే, ఎన్నో ఇళ్ళకు అదే ఆధారం. కాని ఒక్కసారి ఆలోచించండి. ఆ ధ్రువపత్రం కోసం అతని బుద్ధిని శాతాల్లో కొలిచారు. ఆ శాతం కాగితం మీద పదిలంగా ఉన్నది. అతని రక్తపోటు, చక్కెర, బరువు, చూపు, వినికిడి ఏ కాగితం మీదా లేవు. పింఛను ఇచ్చే చెయ్యి ప్రతి నెలా గుమ్మం దాకా వస్తున్నది. నాడి చూసే చెయ్యి రావడం లేదు.

ఇంగ్లండులో పైన చెప్పిన పరిస్థితిని మార్చడానికి పధ్నాలుగేళ్ళు దాటిన ప్రతి మేధోవైకల్యం గల వ్యక్తికీ ఏడాదికొకసారి కుటుంబ వైద్యుడి వద్ద పూర్తి దేహపరీక్ష ఏర్పాటు చేశారు. ఇందుకు కొత్త ఆసుపత్రి కట్టనక్కరలేదు. మనకూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉన్నది, ఊరికి వచ్చే 104 వాహనం ఉన్నది, ప్రతి ఇల్లూ తెలిసిన ఆశా కార్యకర్త ఉన్నది. పింఛను జాబితా ఉన్నది కాబట్టి ఎవరెవరో వెతకనక్కరలేదు కూడా. ఆ జాబితాను, ఆ వాహనాన్ని ఏడాదికి ఒక రోజు కలపడమే మిగిలిన పని.

స్త్రీల సంగతి

మేధోవైకల్యం ఉన్న స్త్రీని ఆసుపత్రికి తెస్తే అది చాలావరకు ఒకే కోరికతో. నెలసరి ఇబ్బంది వదిలించుకోవడానికి గర్భసంచి తీసివేయమని. 1994లో మహారాష్ట్రలోని శిరూర్‌లో ఒక ప్రభుత్వ గృహంలో ఉన్న ఇటువంటి స్త్రీలకు పూణేలో మూకుమ్మడిగా గర్భసంచులు తొలగించినప్పుడు దేశమంతటా నిరసన వచ్చింది. 2009లో సుప్రీంకోర్టు, స్వల్ప మేధోవైకల్యం ఉన్న ఒక యువతి కేసులో, ఆమె గర్భం విషయంలో ఆమె సమ్మతే ప్రధానమని తీర్పు చెప్పింది.

తల్లుల కష్టం నాకు తెలియనిది కాదు. తాము పోయిన తరువాత ఆ బిడ్డకు ఎవరు గుడ్డ మారుస్తారన్న భయం వారిది. కాని నెలసరి రోగం కాదు. నేర్పితే చాలామంది నేర్చుకుంటారు. కొన్ని నెలల పాటు తల్లి తన గుడ్డ మార్చుకునే తీరు చూపిస్తూ, బొమ్మ మీద చూపిస్తూ నేర్పిన ఇళ్ళను నేను చూశాను. అదే స్త్రీకి రక్తహీనత ఉన్నదా, రొమ్ములో గడ్డ ఉన్నదా, నలభై దాటాక చక్కెర ఉన్నదా అని చూడడం మాత్రం ఎవరి తలంపుకూ రాదు.

ఇంట్లో గమనించవలసిన మార్పులు

చెప్పుకోలేని మనిషి దేహం మరో భాషలో చెబుతుంది. దానిని చదవగలిగినది మీరే. కొత్తగా వచ్చిన ఏ మార్పునైనా ముందు దేహరోగంగానే అనుమానించండి.

1. ఒకే చోట కొట్టుకోవడం, చెవి లాగుకోవడం: పన్ను, చెవి, తలనొప్పి.
2. అన్నం వద్దనడం, లేదా మెత్తనివే తినడం: పన్ను, గొంతు, కడుపులో పుండు, మలబద్ధకం, మూత్రపిండాలు.
3. తినేటప్పుడు దగ్గు, పొలమారడం, మాటిమాటికి జ్వరం: అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతున్నదేమో చూడాలి. నిటారుగా కూర్చోబెట్టి చిన్న ముద్దలు పెట్టాలి. పడుకోబెట్టి తినిపించకూడదు.
4. నిద్ర, మందకొడితనం, బరువు పెరగడం: థైరాయిడ్, చక్కెర, వాడుతున్న మందుల ప్రభావం.
5. పిలిస్తే పలకకపోవడం: మొండితనం కాకపోవచ్చు. చెవిలో గులిమి గట్టిపడి ఉండవచ్చు.
6. గోడ పట్టుకుని నడవడం, మెట్టు దగ్గర ఆగిపోవడం: చూపు తగ్గిందేమో, ఎముక విరిగిందేమో. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో మెడ వెన్నుపూసల సమస్య కూడా ఉండవచ్చు.
7. నలభై దాటిన డౌన్ సిండ్రోమ్ వ్యక్తి తెలిసిన పనులు మరచిపోవడం: వారిలో మతిమరుపు వ్యాధి చిన్న వయస్సులోనే రావచ్చు. అయినా ముందు థైరాయిడ్, వినికిడి, చూపు పరీక్షించాలి.

ఏళ్ళ తరబడి వాడుతున్న మందులను కూడా ఏడాదికొకసారి వైద్యుడికి చూపించండి. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ చిగుళ్ళను ఉబ్బిస్తుంది, ఎముకలను బలహీనపరుస్తుంది. వాల్‌ప్రోయేట్ బరువు పెంచుతుంది. గోల తగ్గడానికి ఇచ్చే రిస్పెరిడోన్, ఒలాంజపిన్ వంటివి బరువును, చక్కెరను పెంచవచ్చు. మీ అంతట మీరు మాత్రం ఏ మందూ ఆపకండి. మూర్ఛ మందు హఠాత్తుగా ఆపితే ప్రాణాపాయం.

సూది భయం

“ఆడు సూదికి ఒప్పుకోడు బాబూ” అన్న మాటతో ఎన్నో పరీక్షలు ఆగిపోతున్నాయి. నలుగురు పట్టుకుని బలవంతాన రక్తం తీస్తే ఆ ఒక్కరోజు పని జరుగుతుంది, మళ్ళీ జన్మలో అతను ఆసుపత్రి గుమ్మం తొక్కడు. ఓపిక ఉంటే మార్గం ఉన్నది. మొదటి రోజు ఊరికే వచ్చి కూర్చుని, నర్సమ్మ ఇచ్చిన బిస్కెట్టు తిని వెళ్ళాలి. రెండో రోజు చేతికి పట్టీ కట్టి విప్పాలి. మూడో రోజు ముందు తల్లికో, అన్నకో అతని కళ్ళ ముందే సూది గుచ్చి, వారు నవ్వుతూ ఉండగా అతనికి గుచ్చాలి. చర్మాన్ని మొద్దుబార్చే పూతమందు కూడా దొరుకుతుంది. రక్తపోటు పట్టీ చూసి బెదిరేవారికీ ఇదే పద్ధతి. ఉదయం రద్దీలో కాక, ఓపీ ముగిసే వేళ రమ్మంటే సగం భయం పోతుంది.

నా యువ వైద్య సోదరులకు ఒక విన్నపం. గదిలోకి రాగానే ముందు అతన్నే పలకరించండి, పేరుపెట్టి పిలవండి. జవాబు రాకపోయినా సరే. తరువాత తల్లిని అడగండి. “ఎప్పటి నుంచి ఇలా ఉన్నాడు?” అని కాదు, “పోయిన నెలకూ ఈ నెలకూ ఏమి మారింది?” అని. ఈ రెండో ప్రశ్న రోగం దగ్గరకు తీసుకువెళుతుంది.

హక్కులు

2016 చట్టంలోని 25వ సెక్షను ప్రకారం వికలాంగులకు, ముఖ్యంగా గ్రామాల్లో, కుటుంబ ఆదాయాన్ని బట్టి సమీపంలోనే ఉచిత వైద్యం అందాలి. వైద్యం కోసం వచ్చినప్పుడు వారికి ప్రాధాన్యం ఇవ్వాలి. అంటే ఓపీ వరుసలో రెండు గంటలు నిలబెట్టనక్కరలేదు. ఇది దయ కాదు, చట్టం. వినయంగా అడగండి, కాని అడగండి. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద నడిచే నిరామయ ఆరోగ్య బీమాలో మేధోవైకల్యం ఉన్నవారికి లక్ష రూపాయల వరకు రక్షణ ఉన్నది. చేరడానికి ముందు వైద్యపరీక్ష అవసరం లేదు. అదే చట్టం కింద కలెక్టరు ఆధ్వర్యంలోని స్థానిక కమిటీ ద్వారా, పద్దెనిమిది దాటినవారికి చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమింపజేసుకోవచ్చు.

ఒక పుస్తకం రాసి ఉంచండి

తల్లిదండ్రులు వృద్ధులవుతున్నారు. అతని కేకకు అర్థం, మౌనానికి అర్థం తెలిసినది తల్లికి మాత్రమే. ఆమె కన్నుమూస్తే ఆ నిఘంటువు కూడా పోతుంది. వదినగారికో, మేనకోడలికో ఆ మనిషిని అప్పగించేనాటికి వారి చేతిలో ఏమీ ఉండదు. అందుకని పది రూపాయల నోటుపుస్తకం ఒకటి కొనండి. తల్లికి చదువు రాకపోతే ఆమె చెబుతుంటే ఇంట్లో పిల్లలు రాయవచ్చు.

మొదటి పేజీలో వాడుతున్న మందుల పేర్లు, పడని మందులు, మూర్ఛలు వచ్చే తీరు. రెండో పేజీలో అతను నొప్పి వస్తే ఏమి చేస్తాడు, ఆకలికి ఏమి చేస్తాడు, దొడ్డికి వెళ్ళాలంటే ఏమని సైగ చేస్తాడు. మూడో పేజీలో ఏమంటే భయం, ఏమి చూపిస్తే ఊరుకుంటాడు. తరువాతి పేజీల్లో ఏడాదికొక వరుస: తేదీ, బరువు, రక్తపోటు, చక్కెర, క్రియాటినిన్, హిమోగ్లోబిన్, థైరాయిడ్, పళ్ళు, చెవులు, కళ్ళు. ఒక్క అంకె కంటే ఏటేటా అంకె ఎలా మారుతున్నదన్నదే వైద్యుడికి ఎక్కువ చెబుతుంది. ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ ఆ పుస్తకం వెంట ఉండాలి.

మీ ఇంట్లో అటువంటి మనిషి లేకపోతే మీ వీధిలో ఉంటారు. ఈసారి 104 వాహనం మీ ఊరికి వచ్చినప్పుడు ఆ తల్లి దగ్గరకు వెళ్ళి, “పిన్నీ, అన్నను నేను తీసుకెళ్తాను, నువ్వు పనికి పో” అనండి. బరువు, రక్తపోటు, చక్కెర ఆరోజే చూస్తారు. క్రియాటినిన్‌కు రక్తం ఎక్కడ, ఏ రోజున తీస్తారో అక్కడే అడిగి తెలుసుకోండి. ఆ తేదీని పుస్తకంలో మొదటి వరుసగా రాయండి.